తూర్పు తప్పిన పటం

ముందే ఒప్పేసుకుంటాను: నాకు తూర్పు ఎటో తెలీదు.

ఈ మాట ఇంకెవరైనా అంటే నవ్వి ఊరుకోవచ్చు. నేనంటే మాత్రం మా చుట్టుపక్కల రైతులు ఉలిక్కిపడి బీరువాలు తెరుచుకుంటారు. ఇరవయ్యేళ్ళకు పైగా కొత్తపేటలో దస్తావేజులు రాసి బతుకుతున్నవాణ్ణి. తూర్పు ఫలానావారి కొబ్బరితోట, దక్షిణం పంటబోదె, పడమర రోడ్డు, ఉత్తరం విక్రయదారుని మిగులు భూమి అని ప్రతి కాగితంలోనూ నాలుగు హద్దులూ పొల్లు పోకుండా రాస్తాను. ఇందులో ఉన్న కిటుకు ఏంటంటే, హద్దులు చెప్పేది రైతు. రాసేది నేను. ఆయన తూర్పంటే తూర్పు. నేను ఎప్పుడూ లేచి వెళ్ళి చూడలేదు.

పైగా మా ఊళ్ళో దిక్కులతో ఎవరికీ పనుండదు. ఊరి పక్కనే కాలవ. అందుకని మాకున్నవి రెండే దిక్కులు, ఎగువ, దిగువ. ఎగువ వంతెన దగ్గర బడ్డీకొట్టు, దిగువ వంతెన దగ్గర బస్సు. పెళ్ళి సంబంధాలు కూడా ఎగువవాళ్ళూ దిగువవాళ్ళూ అనే చెప్పుకుంటాం. ఇంటికి వాస్తు చూసేటప్పుడు మాత్రం ఒక్కసారి తూర్పు గుర్తొస్తుంది. గుమ్మం పెట్టేశాక మళ్ళీ మర్చిపోతాం.

ఇక మా అమ్మాయి సంగతి. ఏడో తరగతి. ఏడో తరగతి చదువుతున్నది ఆ పిల్ల అని మీరనుకుంటున్నారు గదా, ఆ బడి వాట్సాప్ గ్రూపులో ఉంటే అలా అనుకోరు. సాయంత్రం ఐదున్నరకి ఫోను కూస్తుంది. లెక్కలు ఇన్ని, ఇంగ్లీషు ఇన్ని పేజీలు, తల్లిదండ్రులు దగ్గరుండి చేయించి, సరిచూసి, డైరీలో సంతకం చేసి సహకరించగలరు. ఈ "సహకరించగలరు" అన్న మాట చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అడగడం కాదు, ఆజ్ఞాపించడం కాదు, మన సామర్థ్యం మీద వాళ్ళకున్న నమ్మకం! పొద్దున్న నుంచి సాయంత్రం దాకా పిల్లని వాళ్ళ దగ్గరే ఉంచుకుని, వాళ్ళకి కుదరనిది నేను మిగిలిన రెండు గంటల్లో చేయించగలనట. అందరూ బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెడతారు. నేనూ పెట్టాను. వేలిముద్ర వేసినట్టే.

వేసి ఊరుకున్నానా? రెచ్చిపోయాను. అమ్మాయి రాగానే స్నానం, టిఫిను, ఆరింటికి పుస్తకం, ఏడుంబావుకి లెక్కలు అని ఒక టైంటేబులు రాసి ఫ్రిజ్ మీద అంటించాను. దస్తావేజు అలవాటున కింద సంతకం కూడా పెట్టాను. మొదటి వారం పక్కన కూర్చుని చెప్పాను. రెండోవారం చెప్పేకన్నా చేసేస్తే త్వరగా తెములుతుందని తెలిసింది. పెన్సిళ్ళు చెక్కడం నా పని, సంచీ సర్దడం నా పని, అట్టలు వేయడం నా పని, భిన్నాలు మా ఇద్దరిదీ. తొలకరి పోయి దసరా వచ్చేసరికి మా అమ్మాయి అరుగు మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని, "ఎంతవరకూ వచ్చింది నాన్నా?" అని అడిగే స్థితికి ఎదిగింది. మేస్త్రీ కూలివాణ్ణి అడిగినట్టుండేది. అదే సహకారం అని నేను మురిసిపోయాను.

అలాంటి రోజుల్లో సోషల్ టీచరు గారు ప్రాజెక్టు ఇచ్చారు: మా ఊరి పటం. పెద్ద చార్టు, స్కెచ్ పెన్నులు, చుట్టూ బోర్డరు, నీట్‌గా ఉండాలి, తల్లిదండ్రులు సహకరించగలరు.

ఈ ఒక్క పనికి మాత్రం అమ్మాయి నన్ను పిలవలేదు. శనివారం మధ్యాహ్నం పాత క్యాలెండరు కాగితం వెనక తనే మొదలుపెట్టింది. ఊరంతా తిరిగి వచ్చి మరీ వేసింది. చర్చి, రామాలయం, కొబ్బరి డొక్కల గుట్ట, బాతులు దాటే చోటు, కరిచే కుక్క ఉన్న ఇల్లు, కరవని కుక్క ఉన్న ఇల్లు, వాళ్ళ క్లాసు పిల్లలు బస్సు కోసం నిలబడే చెట్టు. ఓ మూల సూర్యుడు. చాలా రోజుల తర్వాత ఒక పనిలో మునిగిపోయి, అన్నానికి రెండుసార్లు పిలిస్తే గానీ లేవలేదు. అది చూసి తండ్రన్నవాడు సంతోషించాలి. నేను చూసింది గీతలు వంకరగా ఉన్నాయని.

ఆదివారం పొద్దున్నే చార్టు తీసుకుని అరుగు మీద కూర్చున్నాను. రంగు నేలకి అంటకుండా అమ్మాయి వేసిన పటాన్నే కింద పరుచుకున్నాను. ఇప్పుడిది రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, ఆ రోజు తప్పనే తోచలేదు. స్కేలు పెట్టి రోడ్లు గీశాను, కాలవకి నీలం, చేలకి ఆకుపచ్చ. కుక్కల్ని తీసేశాను, పటాల్లో కుక్కలుండవని. సూర్యుణ్ణీ తీసేశాను. ఎగువ వంతెన పైన పెట్టాను, దిగువ వంతెన కింద పెట్టాను. పటంలో పైన ఉండేది ఉత్తరం గదా, బాణం గీసి పైన ఉ, కింద ద అని రాశాను.

అమ్మాయి వచ్చి నా భుజం మీంచి చూసింది. ఎగువ వంతెన ఉత్తరం కాదు నాన్నా అంది. పొద్దున్న బస్సు కోసం దిగువ వంతెన వైపు చూస్తుంటే ఎండ సరిగ్గా కళ్ళల్లో పడుతుంది, కాబట్టి తూర్పు అటు అంది.

"ఇరవయ్యేళ్ళ నుంచి హద్దులు రాస్తున్నానే. నాకు చెబుతావా తూర్పు?" అన్నాను.

అప్పుడు నేను తూర్పు గుమ్మం ముందు అరుగు మీద కూర్చున్నాను. టైము ఎనిమిది. ఎండ నా మొహం మీదే కొడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ రాశాను తూర్పు ఇంకో వైపని.

పటానికి పదికి పది వచ్చాయి. ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. బడి వరండాలో గోడకి ఎక్కించారు. నేను రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర నలుగురికి చూపించాను, మా అమ్మాయి వేసిందని. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

రెండ్రోజుల తర్వాత డైరీలో ఎర్ర సిరాతో ఒక వాక్యం: "ప్రాజెక్టు బాగుంది. కానీ విద్యార్థినికి విషయంపై అవగాహన లేదు. ఇంటి వద్ద శ్రద్ధ తీసుకోగలరు."

నాకు తిక్క రేగింది. టీచరు మీద కాదు, అమ్మాయి మీద. అంత కష్టపడి వేసిస్తే నోరు తెరిచి చెప్పుకోలేకపోయావా అని కేకలేశాను. పిల్ల కాలి బొటనవేలితో నేల మీద గీస్తూ నిలబడింది. సాయంత్రం, ఇంకా వెలుగుంది. మా ఆవిడ ఈ గొడవ వింటూ ఫోన్లో పటం ఫోటోని పెద్దది చేసి చూస్తోంది. చూసి చూసి నెమ్మదిగా అడిగింది.

"ఏవండీ, మనిల్లు దక్షిణ ముఖం ఎప్పుడైందండీ?"

తూర్పు ముఖం ఇల్లు కావాలని, ఈ స్థలం దొరికేదాకా మూడేళ్ళు ఆగిన మనిషి ఆవిడ. నేను ఫోను లాక్కుని చూశాను. నిజమే. గుమ్మం కిందివైపుకుంది, కింద ద అని నేనే రాశాను. గేటు దాకా వెళ్ళి చూశాను. నేను చార్టు మీద ఉత్తరం అని రాసిన ఎగువ వంతెన మీద, ఎర్రగా, తీరిగ్గా, సూర్యుడు అస్తమిస్తున్నాడు.

అప్పుడు మెల్లగా బయటకొచ్చింది సంగతి. అందరి ముందూ పటం వివరించమంటే, ఇందులో దిక్కులు తప్పండీ, తూర్పు ఇటుండాలండీ అని చెప్పిందట మా అమ్మాయి. నువ్వు వేసిన పటాన్ని నువ్వే తప్పంటావేంటి, చూసి రాసేసేవా అని టీచరు గారు కోప్పడ్డారట. క్లాసంతా నవ్వేరట. అయినా ఇది పటం ఎవరు వేసేరో మాత్రం చెప్పలేదట.

"నాన్న వేసేరని చెప్పొచ్చు గదమ్మా" అన్నాను.

"చెప్తే నీకు మార్కులు తగ్గించేస్తారని."

నాకు మార్కులు! ఆ మాట అన్నాక అది లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు సోషల్ పుస్తకం నా ముందు పెట్టి, "ఇదీ నువ్వే రాసెయ్ నాన్నా, నాకు రాదంట గదా" అంది. వెటకారం అయితే బాగుండేది. నిజంగానే అంది. ఊరంతా తిరిగి సూర్యుణ్ణి చూసి దిక్కు కనిపెట్టిన పిల్ల, తనకు రాదని నమ్మేసింది. నమ్మించింది ఎర్ర సిరా ఒక్కటే కాదు.

బడికి వెళ్ళాను. టీచరు గారు పాతికేళ్ళ అమ్మాయి, ఎంతో మర్యాద. కుర్చీ వేయించారు. పటం వేసింది నేను, తప్పు నాది, మా అమ్మాయి చెప్పిందే ఒప్పు అని చెప్పుకున్నాను. ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు.

"ఆయ్, తెలుసండీ. అందరి పేరెంట్సూ అంతే గదండీ" అన్నారు.

నాకు మంట అక్కడ పుట్టింది. తెలుసట! తెలిసి పదికి పది వేశారు, తెలిసి పిల్లని నిలబెట్టి అడిగారు. నిజం చెబితే అవగాహన లేదని రాశారు. ఆ రాత కొట్టేయమన్నాను. డైరీలో కొట్టివేతలు ఉండకూడదండీ అన్నారు. పోనీ పటం గోడ మీంచి దింపెయ్యమన్నాను. మార్కులు ఎక్కించేసేమండీ, చూడ్డానికొచ్చినవాళ్ళు మెచ్చుకుని వెళ్ళేరండీ, నీట్‌గా ఉంది గదండీ అన్నారు. నీట్‌గా ఉన్న తప్పు వంకరగా ఉన్న ఒప్పుకన్నా మేలని, ఎంత మర్యాదగా చెప్పవచ్చో అంత మర్యాదగా చెప్పారు.

తిరిగొస్తూ వరండా అంతా చూశాను. ఒక అగ్నిపర్వతం వెనక అమలాపురం ఫ్యాన్సీ షాపు స్టిక్కరు ఇంకా ఊడలేదు. ఒక గాలిమరకి చేసిన వెల్డింగు చూస్తే ఏ పన్నెండేళ్ళ పిల్లాడూ చేసింది కాదు. ఒక వ్యాసంలో చేతిరాత నాకు బాగా తెలిసినది, ముమ్మిడివరంలో బ్యాంకులో పనిచేసే ఒక పెద్దమనిషిది. తల్లిదండ్రులం అందరం గోడెక్కి కూర్చున్నాం. పిల్లలు కింద బెంచీల మీద కూర్చుని మమ్మల్ని బట్టీ పడుతున్నారు.

ఆ రోజే టైంటేబులు చించేశాను. ఆరింటికి అమ్మాయి ఒక పక్క, నేను ఒక పక్క కూర్చుంటాం. దాని లెక్కలు అది చేసుకుంటుంది, మిగిలిపోయిన దస్తావేజులు నేను రాసుకుంటాను. అడిగితే చెబుతాను. అడక్కపోతే నోరు మూసుకుంటాను. ఇది చదివి చులాగ్గా ఉందనుకోకండి. కళ్ళ ముందు మూడు బై నాలుగుకి రెండు బై మూడు కలిపి ఐదు బై ఏడు అని రాస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత నరకమో, కూర్చున్నవాడికి తెలుస్తుంది. మొదటి పది రోజులు అది నా మొహం చూసేది, ఎప్పుడు లాక్కుంటానా అని. పదకొండో రోజున చూడ్డం మానేసింది. తప్పులతో బడికి వెళ్ళింది, ఎర్ర సిరాతో వచ్చింది, సణుగుతూ మళ్ళీ చేసుకుంది.

డైరీలో సంతకం మాత్రం తప్పదు గదా. నాకు వచ్చిన భాషలో రాయడం మొదలెట్టాను: "ఈ పేజీలోని తప్పులూ ఒప్పులూ అన్నీ మా అమ్మాయి స్వార్జితం. వీటిపై నాకు గాని నా తరఫువారికి గాని ఎటువంటి హక్కూ లేదని, పూర్తి స్పృహతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసి ఇచ్చాను." కింద సంతకం. నాలుగు రోజులు చూసి వాళ్ళు జవాబిచ్చారు: సంతకం మాత్రమే చేయగలరు.

తర్వాత పేరెంట్సు మీటింగు వచ్చింది. మా వృత్తిలో హద్దులు తప్పు పడితే కొట్టివేతలు మాకూ కుదరవు. దానికో పద్ధతుంది. తప్పు రాసినవాడే, ఫలానా కాగితంలో ఫలానాది తప్పుగా పడింది, సరైనది ఇది అని, ఇంకో కాగితం రాసి దానికి జత చేయాలి. సవరణ దస్తావేజు అంటాం. ముందురోజు సాయంత్రం దస్తావేజులు రాసే పచ్చ కాగితం మీద ఒకటి రాశాను, దిక్కుకోసారి అమ్మాయిని అడిగి.

"ఈ గోడపై గల పటము విద్యార్థిని తండ్రినగు నేను వేసినది. అందు ఉత్తరమని చూపినది పడమర. తూర్పు: దిగువ వంతెన. దక్షిణం: చేపల చెరువులు. పడమర: ఎగువ వంతెన. ఉత్తరం: కాలవ. సదరు తప్పును విద్యార్థిని ముందే చెప్పగా నేను వినలేదు. తరగతిలో చెప్పగా ఎవరూ వినలేదు. సరైన ప్లాను ఇందుకు జతపరచడమైనది."

జతపరిచిన ప్లాను, అమ్మాయి క్యాలెండరు కాగితమే. నా రంగులు దిగి నీలంగా ఆకుపచ్చగా మరకలు పడ్డాయి. కుక్కలు రెండూ ఉన్నాయి. సూర్యుడు దిగువ వంతెన మీద ఉన్నాడు.

మీటింగు మొదలవకముందు, తల్లిదండ్రులు వరండాలోకి వచ్చి ఎవరి ప్రతిభ వాళ్ళు చూసుకుంటున్న వేళ, రెండు కాగితాలూ నా పటం పక్కన అంటించాను. ప్రిన్సిపాల్ గారు వచ్చి చదివారు, పక్కన నిలబడ్డ బ్యాంకు పెద్దమనిషీ చదివాడు. చదివి, తన వ్యాసం ఉన్న గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. దింపండి అని ఎవరూ అనలేదు. అంత మందిలో అనలేరు.

సాక్షి సంతకం దగ్గర మాత్రం ఖాళీ వదిలాను. నా వెంట వచ్చిన అమ్మాయి నా జేబులోంచి పెన్ను తీసుకుని, గోడకి కాగితం అదిమిపట్టి, మునివేళ్ళ మీద లేచి సంతకం చేసింది. పేరులో మొదటి అక్షరం పెద్దదైపోయి, చివరి అక్షరం గీత దాటి కిందికి జారింది.

నేను దిద్దలేదు.