కెమెరా కోసం కొత్త కుండ

ఈ రోజు షూటింగ్ చివరి రోజు. పూతరేకుల మీద నా భార్య మొదలుపెట్టిన డాక్యుమెంటరీ ఇది; పూర్తి కాకుండానే ఆమె చనిపోతే, నేను పూర్తిచేస్తున్నాను. ఆత్రేయపురంలో సత్యవతిగారు కుండ మీంచి రేకు తీసే దృశ్యం ఒక్కటే మిగిలింది.

ఆవిడ పట్టుచీర కట్టుకుని, పొయ్యి మీద కొత్త కుండ బోర్లించి కూర్చున్నారు. కుండ ఇంకా వాడకంలో నునుపు తేలలేదు కాబట్టి, వేసిన రేకల్లా అంటుకుని చిరిగిపోయింది.

"మీ పాత కుండ ఏదండీ?" అన్నాను.

"మసిపట్టిపోయిందని మా చెల్లికిచ్చేసేనండీ. మేడమ్‌గారి సినిమాలో అదేం బాగుంటుందండీ?"

"ఆవిడకి కావలసింది ఆ మసికుండేనండీ."

"ఆయ్, ఆ మాట ముందే చెప్పాలి కదండీ!"

కెమెరా అనగానే ఇలా ముస్తాబయ్యేవాళ్ళు మీ ఊళ్ళోనూ ఉన్నారా?

యూనిట్ సాయంత్రమే వెళ్ళిపోయింది. రేపు ఉదయం వాళ్ళ చెల్లెలింటి నుంచి ఆ కుండ నేనే మోసుకొచ్చి, ఆ దృశ్యం నా ఫోన్‌తో తీస్తాను.