కొనలు కత్తిరించని వేసవి

మా ముత్తాత జగన్నాథరాజు గారు పన్నెండు ఊళ్ళ శిస్తు వసూలుచేసే ముఠాదారు. తాత రామభద్రరాజు గారు కచేరీకి వెళ్తే కలెక్టరు కుర్చీ వేయించేవాడు. ఆ వంశంలో మట్టి మీద మక్కువ చావని చివరివారు మా బాబాయి విజయరామరాజు గారు. గత బుధవారం ఇన్వర్‌కార్గిల్‌లో ఆయన కన్నుమూశారు. ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను గడ్డం గీసుకుంటున్నాను. మిగతా సగం ఎప్పుడు గీసుకున్నానో గుర్తు లేదు.

ఊళ్ళన్నీ పోయాక, జులైలో చలీ డిసెంబరులో వేసవీ ఉండే ఈ దక్షిణపు దేశం వచ్చి, కంప్యూటర్ ఉద్యోగంలో కూడబెట్టి, ఆయన ఎనిమిది ఎకరాల్లో క్రిస్మస్ చెట్ల తోట వేశారు. జులై చలిలో మోకాళ్ళ మీద కూర్చుని పైన్ మొక్కలు నాటేవారు. వసంతమంతా వరుసల మధ్య గడ్డి కోసేవారు. వేసవిలో చెట్టుచెట్టుకూ కొనలు కత్తిరించేవారు. అలా చేస్తేనే పైన్ గుబురుగా, గోపురంలా వస్తుంది. ఒక్క వేసవి వదిలేస్తే సందులు పడి సాగిపోతుంది. దాన్నిక ఎవరూ కొనరు.

ఒక డిసెంబరులో ఒక తెలుగు కుటుంబం వచ్చి చెట్టు కోయించుకుంది.

"రోజూ నీళ్ళు పొయ్యండమ్మా," అన్నారు బాబాయి.

"కోసేసిన చెట్టుకు నీళ్ళెందుకంకుల్?"

"కోశారని దానికింకా తెలీదమ్మా."

చెట్టును భుజాన వేసుకుని వాళ్ళ కారు దాకా మోశారు. వెనక్కి తిరిగి నన్ను చూసి, "మావాడికి సిగ్గు. బాబాయి కూలిపని చేస్తున్నాడని," అని నవ్వారు. సిగ్గుపడిన మాట నిజమే.

రెండేళ్ళ కిందటి వేసవిలో ఆయనకు గుండె ఆపరేషన్ జరిగింది. కత్తిరింపు నాకు అప్పగించారు. పెరిగే చెట్టు తలకు ఇనుము తగలనివ్వకూడదన్నది మా ఇంటి ఆచారం. పక్కకొమ్మలు కాస్త సవరించి, తలలు వదిలేశాను. పొరుగు రైతు సాయానికి వస్తే, మా పని మేం చేసుకోగలమని పంపేశాను.

"కొనలయ్యాయా అబ్బాయ్?" అని ఆసుపత్రి నుంచి అడిగారు.

"అవుతున్నాయి బాబాయ్."

మార్చిలో కర్ర పట్టుకుని వరుసల వెంట నడిచారు. చివరి చెట్టు దగ్గర ఆగి, సాగిపోయిన కొనను వంచి చూశారు.

"నన్నడగాల్సింది. నేనూ ఆ ఇంట్లో పుట్టినవాణ్ణే కదా. ఏటా మొదటి చెట్టుకు దణ్ణం పెట్టుకునే కత్తిరింపు మొదలుపెట్టేవాణ్ణి," అన్నారు. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాతి రెండు డిసెంబర్లూ వచ్చిన కార్లు ఖాళీగా తిరిగి వెళ్ళాయి. మళ్ళీ నాటే ఓపిక ఆయన ఒంట్లో లేదు. తాతముత్తాతల పేర్లు చెప్పుకుని మేం తలెత్తుకున్నాం. ఆయన తన చేతులతో పనిచేసి తలెత్తుకున్నారు. అటువంటివారు మా వంశంలో మరి లేరు. ఆయన పాదాలకు నా నమస్కారం.

ఆయన పోవడానికి మూడు వారాల ముందు, ఆయన సంతకంతోనే, ఇల్లూ షెడ్డూ ఎనిమిది ఎకరాలూ ఒక పాడిరైతుకు అమ్ముడయ్యాయి.