నూనె తాగని మిషిన్

మొన్న ఆదివారం మా మనవరాలు అండమాన్ నుంచి వచ్చి, సముద్రం అడుగున తీయించుకున్న ఫోటోలు ఫోనులో ఒక్కొక్కటే చూపిస్తుంటే, నా చూపు రంగురంగుల చేపల మీద నిలవలేదు. పిల్ల వీపున ఉన్న సిలిండరుకు అంటించిన 32 అనే అంకె దగ్గరే ఆగిపోయింది. ఎవరు నింపారు, మీటరు పెట్టి చూసుకున్నావా అని అడిగాను. "అరే నాయినమ్మా, షాపోళ్ళు చూసుకుంటరు కదా, నీకెందుకు టెన్షన్?" అని నవ్వేసింది.

ఆ ముప్పై రెండు ఒకప్పుడు సూరత్‌లోని భేస్తాన్‌లో మా ఇంటి వెనక గదిలో తయారయ్యేది. మావారు హజీరా రేవులో నీళ్ళలో మునిగి జెట్టీ స్తంభాలు తనిఖీ చేసేవారు. అక్కడి బురద నీళ్ళలో కళ్ళకు ఏమీ కనిపించదు, పగుళ్ళను వేళ్ళతో తడిమి పట్టుకోవాలి, అందుకు ఎక్కువసేపు అడుగున ఉండాలి. మామూలు గాలిలోని నత్రజని ఒంట్లో చేరి, పైకి వచ్చేటప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది కనుక, దాన్ని తగ్గించి ఆక్సిజన్ పెంచిన గాలి కావాలి. ఆ రోజుల్లో అది నింపి ఇచ్చేవాళ్ళు సూరత్‌లో మాకు దొరకలేదు. అందుకని ఆయన ఊళ్ళోనే ఉన్న ఖటోదరా నుంచి ఆక్సిజన్, ఎక్కడినుంచో ఒక పాత కంప్రెసరు, మంచి వడపోత సంపాదించి ఇంట్లోనే కలపడం మొదలుపెట్టారు. ఒత్తిడి గేజీ రెండు వందలు చూపేదాకా నింపాలంటే, ఖాళీ సిలిండరులోకి ముందు ఇరవై ఎనిమిది దాకా ఆక్సిజన్ మెల్లగా వదలాలి, మిగతాదంతా గాలి. గాలిలో ఇరవై ఒక్క పాళ్ళు ఎలాగూ ఆక్సిజనే కనుక అంతా కలిసి నూటికి ముప్పై రెండు. ఈ లెక్క నేను విడిగా వేసి, ఆయన లెక్కతో కలిస్తేనే వాల్వు తిప్పనిచ్చేదాన్ని. పాళ్ళు మించితే లోతులో ఆక్సిజనే విషమవుతుందని ఆయన చెప్పినప్పుడు, బతికించేదే ఎలా చంపుతుందని ఎన్నిసార్లు అడిగానో.

అంతకంటే భయం నూనెతో. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కు నూనె తగిలితే అగ్గిపుల్ల అక్కరలేకుండానే అంటుకుంటుంది. అందుకని నింపే రోజు నేను తలకు నూనె రాసుకునేదాన్ని కాదు, వంటింట్లో పోపు పెట్టేదాన్ని కాదు. "మునిగెటోడు వాడు, సప్పిడి కూడు నాకా?" అని మామగారు కంచం ముందు సణిగేవారు.

మామగారు జీవితమంతా మరమగ్గాల మీద బతికిన మనిషి. మగ్గాల ఇళ్ళలో దసరా నాడు మిషన్లు తుడిచి, నూనె వేసి, బొట్టు పెట్టి దండం పెడతారు. ఒక ఏడు పండుగ మర్నాడే జెట్టీ పని ఉండడంతో, మావారు దసరా మధ్యాహ్నం నింపడానికి కూర్చున్నారు. గేజీ చూద్దామని వంగిన నాకు పైపు చివరి ఇత్తడి నట్టు మీద కుంకుమ బొట్టు కనిపించింది. పొడిగా లేదు, మెరుస్తోంది. వేలితో రాసి వాసన చూశాను. మగ్గానికి వేసే నూనె. మావారి చెయ్యి అప్పటికే వాల్వు మీద ఉంది. నూనె అంటని నా రెండో చేత్తో ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాను.

మామగారిని పిలిచి అడిగితే, మెచ్చుకోవడానికి పిలిచామనుకున్నారు. "బిగుసుకపోయింది బిడ్డా, తిప్పరాకుంట ఉండె. పండుగ పూట ఒక్క సుక్క ఏసిన. నూనె తాగని మిషిన్ ఉంటదా?"

మావారు వంగి పైపు విప్పే పనిలో పడ్డారు. నేనే చెప్పాల్సి వచ్చింది: "మామా, గీ మిషిన్ నూనె తాగితే ఇల్లుండదు, మీ కొడుకుండడు."

మామగారు చాలాసేపు చేతులు ధోవతికి తుడుచుకుంటూనే ఉండిపోయారు. ఆ పైపు తీసి పారేశాం, సిలిండరు నిండక మర్నాడు మావారు నీళ్ళలోకి దిగలేదు.

మరుసటి దసరాకు మామగారు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, సిలిండరుకు బారెడు దూరాన గోడకు బొట్టు పెట్టి, అక్కడి నుంచే దండం పెట్టారు. ఓపిక ఉన్నన్నాళ్ళూ ప్రతి ఏడూ అలాగే పెట్టారు.

కొన్నేళ్ళకు, జెట్టీ పని ఇచ్చే కాంట్రాక్టరే నింపిన సిలిండర్లు ఇవ్వసాగాడు. ఇప్పుడు తండ్రీ కొడుకులిద్దరూ లేరు, అద్దెకిచ్చిన ఆ గదిలో ఎవరో చీరలకు రాళ్ళు అంటిస్తున్నారు, గోడ మీది బొట్టు ఎన్ని సున్నపు పూతల కింద ఉందో తెలియదు. మనవరాలి సిలిండరు మీది అంకె సరైనదే అయి ఉంటుంది, పిల్ల క్షేమంగా వచ్చింది, నాకు అంతకంటే కావలసింది లేదు. అయినా, ఆ ఊపిరి కోసం ఏ ఇంట్లోనూ ఎవరూ ఒక పూట పోపు మానుకుని ఉండరు.