విరగని ఎరుపు

ఈ మాట నేను చాలాసార్లు ఎత్తాను. అన్నం దగ్గర ఎత్తితే మా ఆవిడ పులుసు వడ్డించి మాట మార్చింది. పెళ్లిలో ఎత్తితే బావమరిది నవ్వి భుజం తట్టాడు. జవాబు చెప్పాల్సిన మనిషి మాత్రం నోరు విప్పలేదు. అందుకే రాసి పెడుతున్నాను.

మాది గుడివాడ. అత్తవారిది పెడన. మావయ్యగారు కలంకారీ అద్దకంలోనే తల నెరిసిన మనిషి. రంగు విషయంలో ఆ ఇంట్లో ఆయనదే చివరి మాట. కలిపిన రంగు నిలవుండి, ఎరుపు అడుక్కి దిగి, పైన పసుప్పచ్చ నీరు తేలిందంటే 'విరిగింది' అని పారబోయిస్తారు. విరిగిన రంగు ఎంత తిప్పినా మళ్లీ కలవదట.

తొంభైల చివర్లో అత్తయ్యకు బందరులో ఆపరేషన్ చేసి గర్భసంచి తీశారు. రక్తం బాగా పోయి, ఆవిడ పెదవులు ఉతికి ఆరేసిన గుడ్డలా తెల్లబడ్డాయి. వెంటనే రక్తం ఎక్కించాలన్నారు డాక్టరమ్మ. మావయ్యగారిది కలవలేదు, బావమరిదిదీ కలవలేదు. నాది కలిసింది. అడగకముందే చెయ్యి చాపాను. నాకు వంకాయ పడదని తెలిసిన రోజు నుంచీ ఆ ఇంట్లో నాకోసం వేరే కూర వండుతున్న మనిషి ఆవిడ.

రక్తం ఇచ్చి, మోచేతి దగ్గర దూది అదుముకుని బయటికి వచ్చాను. పరీక్షకు ముందుగా తీసిన నా రక్తం చిన్న గొట్టంలో కిటికీ పక్కన నిలబెట్టి ఉంది. మావయ్యగారు దాని ముందు వంగి చూస్తున్నారు.

"డాక్టరమ్మా, ఇది విరిగిందండీ. నీళ్లు పైకి తేలాయి, చూడండి. మా ఆడమనిషికి ఇది వద్దు" అన్నారు, చుట్టాలందరి ముందూ. అక్కడితో ఆగారా? "గుడివాడలో ఏం తింటారో ఏమో" అని కూడా అన్నారు.

డాక్టరమ్మ విసుక్కోలేదు. ఎవరి రక్తమైనా గడ్డకట్టకుండా మందు వేసి కదపకుండా ఉంచితే ఇలాగే తేరుతుందని చెప్పారు. అడుగున ఉన్నవి ఎర్రకణాలు, మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువును ఒళ్లంతా మోసేవి. పైనున్న పసుపు నీరు ప్లాస్మా, తిన్న తిండి సారాన్ని చేరవేసేది. రెంటి మధ్య సన్నటి తెల్లగీత చూపించి, జబ్బులతో పోరాడేవీ, గాయమైతే రక్తాన్ని ఆపేవీ అందులో ఉంటాయన్నారు. ఆ గీతను నేనూ అప్పుడే చూశాను. నాలో అంత పని జరుగుతోందని నాకే తెలియదు.

ఆవిడ గొట్టాన్ని మెల్లగా అటూ ఇటూ వాల్చారు. నీరూ ఎరుపూ ఒకటైపోయాయి. మావయ్యగారు దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుగుకు పెట్టి, తనూ వాల్చి చూశారు. కలిసే ఉంది.

"ఎక్కించండమ్మా" అన్నారు. ఆవిడతో అన్నారు. నాతో కాదు.

మధ్యాహ్నమంతా మంచం పక్కన కూర్చుని, గొట్టంలో దిగుతున్న చుక్కలనే చూశారు. సాయంత్రానికి అత్తయ్య పెదవుల మీదికి రంగు తిరిగొచ్చింది. ఆయన తన మరకల వేలితో ఆవిడ పెదవి మీద మెల్లగా రాసి చూశారు, అద్దిన రంగు నిలిచిందో లేదో చూసినట్టు. తర్వాత నా భుజం మీది తువ్వాలు లాక్కుని మొహం కప్పుకున్నారు. ఆ తువ్వాలు మళ్లీ నాకివ్వలేదు.

ఇప్పుడు అత్తయ్యకు కోపం వస్తే, "నాది కాదు, అల్లుడిగారి రక్తం" అంటుంది. అందరూ నవ్వుతారు, మావయ్యగారు కూడా. నేను వెళ్లినప్పుడల్లా ఆయనే బజారుకెళ్లి మేక కార్జం తెస్తారు, "తినండి, రక్తం పడుతుంది" అంటారు. తింటాను. కానీ కార్జం జవాబు కాదు.

మావయ్యగారూ, ఆ తువ్వాలు మీరే ఉంచుకోండి. ఈసారి అందరూ ఉన్నప్పుడు అడుగుతాను. ఇంతకీ నా రక్తం విరిగిందా, లేదా? చెప్పండి.