చక్రంతో ఫిలింనగర్ దాకా

పొద్దున తొమ్మిదింటికి మోతీనగర్‌లో బస్సెక్కాను, సైకిలు ముందు చక్రం ఒక్కటే చేత పట్టుకుని. ట్యూబు లేని టైరు ఇది. రిమ్ము లోపలి చువ్వల రంధ్రాలను టేపుతో మూసి గాలి ఆపాలి. మూడుసార్లు వేయించాను. మూడుసార్లూ గంటలోపే దిగిపోయింది. మొన్న బోరబండ నుంచి తోసుకుంటూ వచ్చేసరికి మా ఆవిడ సుశీల గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఇంకొక్కసారి గాలి దిగితే సైకిలు అమ్మేయండి. ఎక్కడ పడిపోయారోనని నేను చూస్తూ నిలబడలేను," అంది. సరేనన్నాను. డెబ్బై రెండేళ్లవాడికి మళ్లీ సైకిలు ఎవరు కొననిస్తారు?

చక్రం ఒళ్లో పెట్టుకున్నాను. వాన వెలిసింది. చువ్వల సందుల్లోంచి తడి రాళ్లు, ఫ్లైఓవర్లు, హోర్డింగుల మీది ముఖాలు నీళ్లలో తేలినట్టు కదిలిపోతున్నాయి. పక్కనాయన ముఖానికి అప్పుడే పౌడరుంది.

"షూటింగా?"

"అవునండీ. నిన్న జడ్జినండి, ఇవాళ శవాన్ని. ఊపిరి బిగబట్టుకుంటే చాలు." చక్రం వంక చూశాడు. "మీదీ ఊపిరి గొడవేనాండీ?"

చెక్‌పోస్టు దగ్గర బస్సు మారి, పదిన్నరకు ఫిలింనగర్‌లో దిగాను. ఇక్కడ రాళ్లే ఉన్న రోజుల్లో మద్రాసు నుంచి వచ్చి, నలభై ఏళ్లు సినిమా దుస్తులు కుట్టినవాణ్ణి. రాళ్లు పగలగొట్టి మేడలు కట్టినవాళ్లు నడవడానికి జానెడు జాగా మిగల్చలేదు.

సైకిళ్ల దుకాణంలో మెకానిక్కు రజిత, రహమత్‌నగర్ మనిషి. ఆమె మీద విరుచుకుపడ్డాను. "లోపలి వెడల్పు ఇరవై ఐదు మిల్లీమీటర్లు. నేనే కొలిచి, మీ దగ్గర ఇరవై ఐదు టేపు కొని మా పేటలో వేయించాను. మీ టేపులు నాసిరకం."

ఆమె పాత టేపు ఊడదీసింది. "టేపు మంచిదే తాతా. నడుమ గుంత ఉన్నది సూడు. టేపు గాడ దిగి మళ్ల ఎక్కాలె. నువ్వు ఈ గోడ నుంచి ఆ గోడకు సీదా కొలిచినవ్. ఏం పని జేసేటోడివి?"

చెప్పాను.

"గిట్లనే కొలిస్తే హీరోయిన్లు ఊపిరెట్ల పీల్చిన్రు?"

కొలత టేపు ఒంటి ఒంపులోకి దిగాలని ఎందరికో నేర్పినవాణ్ణి. "అయితే ముప్పై ఐదు వెయ్యి," అన్నాను.

"గంత వద్దు. టైరు అంచు కూసునే జాగ మీదికొస్తే టైరు సక్కగ కూసోదు. లోపలి కొలతకు రెండు మూడు మిల్లీమీటర్లు కలుపు, సాలు."

ఇరవై ఎనిమిది తీసింది. రిమ్ము తుడిచి, టేపు బిగలాగి అంటించి, లోపల చిల్లులు పూడ్చే పాలలాంటి ద్రవం పోసి గాలి కొట్టింది. టైరు అంచు టప్పున కూర్చుంది.

పన్నెండుంబావు బస్సులో కునుకు పట్టింది. బుస్సుమన్న చప్పుడుకు లేచాను. బస్సు తలుపు. టైరును బొటనవేలితో నొక్కాను, రాయిలా ఉంది. ప్రతి స్టాపులోనూ నొక్కాను. ఊరంతా మేలుకుని తిరుగుతోంది, నేనొక్కణ్ణే కలలో ఉన్నట్టుంది.

రెండింటికి ఇల్లు చేరాను. సుశీల రెండు బొటనవేళ్లతో టైరును చుట్టూ నొక్కి చూసింది.

"ఏవండీ, రేపు సైకిలెక్కే ముందు టీ ఎన్నింటికి పెట్టమంటారు?" అంది.