అమ్మ తగాలోగ్ చీటీ

మా అమ్మ కుట్టిన గౌను కుదరలేదన్న మనిషి ఈ వీధిలో లేదు. భాషల విషయానికొస్తే మాత్రం ఆవిడది మొద్దు బుర్ర. ఈ ఊరికొచ్చి పద్దెనిమిదేళ్లయినా ఇక్కడి భాషలో అమ్మకి వచ్చినవి ముప్ఫై మాటలు. అందులో ఇరవై కొలతలకు సంబంధించినవి, మిగతా పదీ "రేపు రండి" అనడానికి రకరకాల దారులు. అలాంటి మనిషి యాభై ఆరో ఏట తగాలోగ్ నేర్చుకోవడానికి కూర్చుందంటే, కారకుడు మా అన్నయ్య.

అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. పళ్ల డాక్టరు మేడలో లిఫ్టు ఆగిపోతే, లోపల చిక్కుకున్న నర్సమ్మాయిని బయటికి తీశాడు. ఆ అమ్మాయి ఇంటి భాష తగాలోగ్. ఆ తర్వాత లిఫ్టు నిక్షేపంగా ఉన్నా, వీడు మాత్రం వారానికి మూడుసార్లు దాన్ని పరీక్షించడానికి వెళ్లాడు. రెండేళ్ల పరీక్షల తర్వాత పెళ్లి మాట బయటికొచ్చింది. పిల్ల ఒకటే చెప్పింది: వాళ్లమ్మ కాదంటే చేసుకోదు.

వాళ్లమ్మ సముద్రం అవతల ఇస్త్రీ దుకాణం నడుపుతుంది. కూతురికి ఫోనులో ఆవిడ చెప్పిన మాటలు ఇవి: "అబ్బాయిని ఫోటోలో చూశాను, చాలు. నేను వాళ్లమ్మతో మాట్లాడాలి. మధ్యలో నువ్వుండకూడదు, ఇంకెవరూ ఉండకూడదు. నీకు పెళ్లి కావాలి. చేదు మాటకి కూడా చక్కెర అద్ది నాకు చెప్తావు."

ఇది వినగానే అమ్మ కత్తెర కింద పెట్టి, "ఓయబ్బో! గట్టి మనిషే. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అందును" అంది. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు, అమ్మకి దొరికింది. ఆ మరుక్షణమే అసలు సంగతి తట్టి అన్నయ్య మీద పడింది: "ఒరేయ్ వెధవా, ఆవిడతో నేనే భాషలో మాట్లాడతానురా?"

ఆవిడ విమానం దిగడానికి ఇంకా నలభై రోజులున్నాయి. అన్నయ్య ఓ పుస్తకం కొనుక్కొచ్చాడు. రెండో రోజుకే అది కుంటుతున్న కుట్టు మిషను కాలి కింద చేరింది. అమ్మకి పుస్తకాలు పడవు. ఆవిడకి చీటీలు కావాలి. మా కొట్టు పద్ధతే అది: గుడ్డ రాగానే కొలతలు చీటీ మీద రాసి, గుండుసూదితో ఆ గుడ్డకే గుచ్చేస్తుంది. కుట్టడం అయ్యాక కూడా తియ్యదు, చీటీతోనే ఇచ్చి పంపుతుంది. కుదరకపోతే దాంతోనే తిరిగి రమ్మంటుంది. "చీటీ మీద లేనిది నా బుర్రలో ఉండదే" అని తనే ఒప్పుకుంటుంది.

అలా రోజూ సాయంత్రం పిల్ల కొట్టుకొచ్చి చెప్పడం, అమ్మ తెలుగు అక్షరాల్లో చీటీలు రాయడం. ఊరి భాష సగం, తెలుగు సగం, మాట తక్కువైతే అందించడానికి నేను, అలా నడిచేది చదువు. "కుముస్తా పొ కయొ" అంటే బాగున్నారా అని. "సలామత్ పొ" అంటే ధన్యవాదాలు. మధ్యలో ఆ "పొ" ఏమిటని అమ్మ అడిగితే, పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు అది పెట్టాలంది పిల్ల. "మన అండీ అన్నమాట! మర్యాద తెలిసిన భాషే" అని అమ్మ మురిసిపోయింది. కాదనడానికి "హింది" అనాలని విన్నప్పుడు మాత్రం మిషను ఆపి మరీ నవ్వింది. ఇంత నవ్వినా, సాయంత్రం నేర్చుకున్న పది మాటల్లో తెల్లారేసరికి రెండే మిగిలేవి. నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

ఈలోగా పిల్లకి అమ్మ ఓ గౌను కుడుతోంది. గౌను వేసి చూసేటప్పుడు రెండు చేతులా గుడ్డ, నోట్లో గుండుసూదులు. చీటీ చూసే తీరికెక్కడిది? అందుకని ఆ కాస్తా నోటికే పట్టేసింది. "మసికిప్ పొ బా?" బిగుతుగా ఉందా అని. సూది గుచ్చుకుంటే "మసకిత్ పొ బా?" నొప్పిగా ఉందా అని. "సాన్?" ఎక్కడ? "దితొ?" ఇక్కడా? సూదుల మధ్య నుంచి వచ్చే ఆ ఉచ్చారణ అచ్చం వాళ్ల బోసినోటి అమ్మమ్మదిలా ఉందని పిల్ల పడీ పడీ నవ్వేది. తనకంటే చిన్నదాన్ని పట్టుకుని "పొ" అనక్కర్లేదన్నా అమ్మ మానలేదు. కొలతకి నిలబడ్డవాళ్లెవరినైనా అమ్మ మీరనే అంటుంది.

అసలు రోజుకి పిల్ల చేత ఎనిమిది వాక్యాలు చెప్పించుకుని ఓ పెద్ద చీటీ తయారుచేసుకుంది. మావాడు బుద్ధిమంతుడు, మాకు కట్నకానుకలు అక్కర్లేదు, ఇలాంటివన్నీ. అమ్మ బలమంతా ఆ చీటీలోనే ఉంది. దాన్ని టేపు పెట్టెలో దాచి, గంటకోసారి తీసి చూసుకునేది.

ఆవిడ రానే వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, నవ్వని ముఖం. పొద్దున్నే కొట్టుకొచ్చి, కూతుర్నీ అన్నయ్యనీ బయట నిలబడమని చేత్తోనే చెప్పి, గౌన్లు వేసి చూసుకునే చిన్న గదిలోకి అమ్మతో పాటు వెళ్లి తెర లాగేసింది. తెరే కదా, నేను ఇవతల కాజాలు కుడుతున్నట్టు కూర్చుని చెవి అటే పడేశాను. అన్నయ్య వాకిట్లో బోనులో పులిలా తిరుగుతున్నాడు. పిల్ల గోళ్లు కొరుక్కుంటోంది.

లోపల అమ్మ "ఉముపొ పొ కయొ" అంది. కూర్చోండి అని. కుర్చీ చప్పుడైంది. తర్వాత కాగితం విప్పిన చప్పుడు. చదవడం మాత్రం ఎంతకీ మొదలుకాలేదు.

తెర సందులోంచి చూశాను. అమ్మ ముఖం పాలిపోయింది. చేతిలో ఉన్న చీటీ మీద: ఛాతీ ముప్ఫై ఎనిమిది, నడుము ముప్ఫై రెండు, చేతులు మోచేతి దాకా. అది ఎదురు మేడలో ఉండే మన తెలుగు టీచరమ్మ గౌను చీటీ! గంట క్రితమే ఆవిడ వచ్చి గౌను పట్టుకెళ్లింది. అమ్మ కంగారులో ఏ చీటీ దేనికి గుచ్చిందో నాకు తెలిసిపోయింది. అయిపోయింది, అన్నయ్య పెళ్లి ఎదురు మేడ మూడో అంతస్తుకి వెళ్లిపోయింది అనుకున్నాను.

ఆవిడ ఏదో అడిగింది. అమ్మకి అర్థం కాలేదు. మళ్లీ అడిగింది, ఈసారి మెల్లగా. అడుగుతూనే కుడి భుజాన్ని ఎడమ చేత్తో ఒత్తుకుంది. అమ్మ చూపు అక్కడే ఆగింది. ఆవిడ కుడి భుజం ఎడమ దానికంటే రెండు వేళ్లు కిందికి ఉంది. ముప్ఫై ఏళ్లు ఇస్త్రీ పెట్టె తోసిన భుజం అది. అమ్మ లేచింది. ఆవిడ వెనక్కి వెళ్లి, కొలత తీసేటప్పటిలాగే భుజం మీద చెయ్యేసింది.

"మసకిత్ పొ బా?"

ఆవిడ తల వెనక్కి తిప్పి చూసింది.

"సాన్ పొ?" అంది అమ్మ. బొటనవేలితో మెడ దగ్గర నొక్కి, "దితొ?" ఆవిడ కాదన్నట్టు తల ఊపితే, ఇంకాస్త కిందికి జరిపి, "దితొ పొ?"

"ఓఓ" అందావిడ. అంటే అవునని. ఆ ఒక్క మాటతో పాటే భోరున ఏడ్చేసింది.

ఏడుపు విని పిల్ల తెర తోసుకుని లోపలికి పరుగెత్తింది. అన్నయ్య గుమ్మంలోనే గోడకి జారబడి, "అమ్మా, ఏం చేశావే!" అన్నాడు. "నేనేం చేశాన్రా, భుజం నొక్కానంతే" అంది అమ్మ, తనూ ఏడుస్తూ. వాళ్లమ్మ కూతురి చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. ఇప్పుడు మధ్యలో మనిషి ఉండొచ్చని అనుమతి ఇచ్చినట్టుంది. పిల్ల ముక్కు తుడుచుకుంటూ మాకు చెప్పింది.

పిల్ల పెద్దక్క కూడా వేరే భాష వాళ్ల ఇంటికే కోడలుగా వెళ్లిందట. కడుపునొప్పితో మూడు రోజులు మెలికలు తిరిగితే, కొత్త కోడలికి ఇంటి మీద బెంగ పట్టుకుందనుకున్నారట ఆ ఇంట్లో. ఆఖరి నిమిషంలో ఆపరేషన్ చేసి బతికించారు. ఇప్పుడు బాగానే ఉంది. అయినా ఈ తల్లికి ఆ మూడు రోజులూ గుండెల్లోంచి పోలేదు.

"మా అమ్మ ఆంటీని అడగాలనుకున్నది ఒక్కటే" అంది పిల్ల. "నా కూతురికి నొప్పొస్తే మీకెలా తెలుస్తుందని. ఇందాక అడిగింది అదే."

అన్నయ్య నోరు తెరిచి, "మరి... సరే అన్నట్టేనా?" అన్నాడు. ఆవిడకి తెలుగు రాదు గానీ వాడి ముఖం చదవడానికి భాషెందుకు? ఆవిడ మా అమ్మ చెంప తట్టి "బలాయె" అంది. వియ్యపురాలని అర్థమట. వాళ్లకీ ఆ మాట ఉందని విని అమ్మ కళ్లు తుడుచుకుని నవ్వింది. అప్పటికి గానీ మేమెవరమూ సరిగ్గా ఊపిరి పీల్చుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఎదురు మేడ టీచరమ్మ చీటీ పట్టుకుని దిగింది. "ఏంటి టైలరమ్మా ఇది? కొలతలుండాల్సిన చోట ఏవో మంత్రాలు రాసి గుచ్చారు! గౌను మాత్రం భలే కుదిరిందిలెండి."

ఆవిడ వెళ్లాక అమ్మ ఆ చీటీని వెలుతురులో పెట్టి ఒక్కో వాక్యమే కూడబలుక్కుని చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది.

"దీనర్థం ఏంటే? నువ్వేగా పక్కన కూర్చుని రాయించింది."

"మీ అమ్మాయిని నా కన్నకూతురిలా చూసుకుంటానని."

అమ్మ చీటీ మడిచి, కత్తిరింపు గుడ్డల బుట్టలో పడేసింది.

"పోనీలే, మంచిదే అయ్యింది. ఇది చదివుంటే ఆవిడ నిన్ననే విమానం ఎక్కేసేది. పెద్దకూతుర్ని పంపినప్పుడు కూడా ఇదే విని ఉంటుంది" అంది. తర్వాత మిషను ముందు కూర్చుంటూ, "మా అత్త కూడా నాకు ఇదే చెప్పింది" అని పెడలు తొక్కింది.