ఎడమ పక్కకు సరిపడే మెత్త

వెల్లకిలా పడుకోవడం రూతు పెద్దమ్మకు చేతకాదు. కుడి పక్కకు తిరగడమూ కాదు. మిగిలింది ఎడమ పక్క ఒక్కటే. పత్తి కూలీలతో పోతున్న ఆటో బచ్చన్నపేట దాటాక కల్వర్టు దగ్గర బోల్తా పడినప్పుడు ఆమె కుడి జబ్బ విరిగింది, నడుము దెబ్బతింది. కట్టు కట్టించారు. జబ్బ అతికింది కానీ వంకరగా అతికింది. నడుము ఇప్పటికీ మంచానికి ఆనితే ఓర్చుకోదు.

మా ఇంటికీ ఆమె ఇంటికీ ఒకటే గోడ. నిజానికి ఆమె మాకు చుట్టం కాదు, చిన్నప్పటి నుంచి పెద్దమ్మా అని పిలుస్తాను, అంతే. మా అమ్మ మంచాన పడ్డాక ఇంటర్ మధ్యలో మానేసి కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను. మిషన్ కిటికీ పక్కన ఉంటుంది. కిటికీలోంచి ఆమె వాకిలి, వాకిట్లో నులక మంచం కనిపిస్తాయి. ఆమె ఎలా పడుకుంటుందో, ఎలా లేస్తుందో నేను చూసినంతగా ఆమె కూతురు మనీషా కూడా చూసి ఉండదు.

పక్కకు తిరిగి పడుకున్న మనిషికి చెవికీ మంచానికీ మధ్య భుజం వెడల్పంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని ఏదో ఒకటి నింపాలి. దిండు తక్కువైతే తల కిందికి వాలి మెడ గుంజుతుంది, బరువంతా భుజం మీద పడి చెయ్యి మొద్దుబారుతుంది. ఎక్కువైతే అవతలి పక్క నరం పట్టేస్తుంది. జనగామ దవాఖానలో కసరత్తులు చేయించే అమ్మాయి ఈ సంగతి చెప్పి పంపింది. అలాంటి దిండు ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పలేదు.

చెయ్యి మొద్దుబారితే ఏమవుతుందని అడిగేవాళ్లకు పత్తి ఏరడం తెలియదు. పగిలిన కాయలోంచి పత్తి ఒక్క లాగుడులో రావాలి, ఎండుటాకు అంటకూడదు. వేళ్లు ముడుచుకోకపోతే సగం పత్తి కాయలోనే ఉండిపోతుంది. కుడి చెయ్యి పైకి లేవదు కాబట్టి పెద్దమ్మ ఎడమ చేత్తో ఏరడం నేర్చుకుంది. ఆ ఎడమ చెయ్యే రాత్రంతా ఆమె ఒంటి కింద నలుగుతుంది. ఏరడానికి పోతేనే ఇల్లు గడుస్తుంది. ఆమె భర్త వెంకన్న అప్పట్లో కాటారం వైపు ఇటుక బట్టీల్లో ఉండేవాడు. ఆయన వచ్చినప్పుడు వచ్చినట్టు, లేనప్పుడు లేనట్టు.

మా వైపు దిండును మెత్త అంటాం. ఆమె మెత్త కోసం చేయని పని లేదు. గొంగడి మడిచి పెట్టుకుంది, ముఖమంతా దద్దుర్లు లేచాయి. బియ్యం సంచిని సగం నింపి పెట్టుకుంది, చెవి ఒరుసుకుపోయింది. జనగామలో ఒక ఆఫీసులో అటెండరుగా చేసే ఆమె మరిది సురేష్ ఒకసారి స్పంజి మెత్త తెచ్చాడు. పూల గలీబు, పైన ప్లాస్టిక్ సంచి. వచ్చిన ప్రతిసారీ దాని సంగతి అడిగేవాడు. పెద్దమ్మ నాలుగు రోజులు దాని మీద పడుకుని, తీసి బట్టల సందుగ మీద పెట్టింది. ఏమైందని నేను అడిగితే నవ్వింది.

"దీనికి భయమెక్కువ బిడ్డా. తల పెట్టంగనే వంగుతది."

పత్తి చేలల్లో ఆఖరి ఏరుడు అయ్యాక, కట్టె పీకే ముందు, సగం పగిలినవీ పురుగు తిన్నవీ కొన్ని కాయలు మిగులుతాయి. వాటిని చేనుగలవాళ్లు తమవిగా చూడరు. ఏరిన ఆడవాళ్లు ఒళ్లో వేసుకుని పోవచ్చు. మా ఊళ్లో చాలా ఇళ్లలో మెత్తలు అలా వచ్చినవే. పెద్దమ్మ మొదటి ఏడు ఓపిక లేక గింజలు తీయకుండానే పత్తి కూరింది. గింజల కోసం ఎలుకలు వచ్చి మెత్తను చీల్చిపోయాయి. మరుసటి ఏడు బుద్ధిగా పొయ్యి ముందు కూర్చుని ఒక్కొక్క గింజా గోటితో తీసింది. నేను ముతక బట్టతో సంచి కుట్టాను.

నింపడం మా ఇద్దరి పని. ఆమె మంచం మీద ఎడమ పక్కకు తిరిగి పడుకునేది. నేను ఆమె మెడ కింద అరచెయ్యి దూర్చి చూసేదాన్ని. చెయ్యి వదులుగా దూరితే ఇంకో పిడికెడు పత్తి, దూరకపోతే ఒక పిడికెడు బయటికి. పక్కల కంటే మెడ కింద కొంచెం గట్టిగా ఉండాలని ఆమే కనిపెట్టింది. మోకాళ్ల మధ్యకు పాత చీర మడిచి పెట్టాం, దాంతో నడుము నిలిచింది. ఎన్నిసార్లు విప్పి కుట్టానో గుర్తు లేదు. చివరికి ఆమె ముక్కూ గొంతుగుంటా ఒక గీతలోకి వచ్చాయి. మరునాడు పొద్దున కిటికీ దగ్గరికి వచ్చి పిడికిలి మూసి తెరిచి చూపించింది.

"చూడు, చిన్న పోరి చెయ్యి లెక్క లేదూ?"

ఆ తర్వాతి పంటకు ఆమె సమ్మక్క ముఠాలో ముందు వరుసలో ఏరింది. సమ్మక్కంటే మా వాడలో కూలీలను కూడగట్టి చేలకు తీసుకుపోయే మనిషి. ఎవరిని ఆటో ఎక్కించాలో, ఎవరిని వద్దనాలో ఆమెదే మాట.

ఆ ఎండాకాలం వెంకన్న కాలేయం చెడగొట్టుకుని కాటారం నుంచి ఇంటికి వచ్చేశాడు. వచ్చిన కొన్నాళ్లకే ఆ మెత్త మీద కన్ను పడింది. "నీ మెత్త జర ఇయ్యవే, ఒక్క పూట" అని అడిగాడు. ఇచ్చింది. ఆ పూట అయిపోలేదు.

ఆయన వెల్లకిలా పడుకునేవాడు. అలా పడుకునేవాళ్లకు ఆ మెత్త ఎత్తు ఎక్కువ. పిడికిలితో మధ్యలో గుద్ది గుంత చేసుకున్నాడు. చూడడానికి వచ్చినవాళ్లతో, మా ఆమె నాకు ఆస్తి రాసిచ్చిందని మెత్తను తట్టి చూపించేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. పెద్దమ్మ వాళ్లకు చాయ్ పోసేది. నేను కిటికీలోంచి చూస్తూ, ఆ గుంత మెడ దగ్గరి దాకా వచ్చింది గదా అనుకునేదాన్ని. జబ్బు మనిషి తల కింది మెత్త ఎలా అడుగుతుంది? ఒకసారి మాత్రం సందుగ మీది స్పంజి మెత్త దులిపి తెచ్చి, ఇది ఇంకా మెత్తగుంటది, దీని మీద పండుకొని చూడరాదూ అంది. వెంకన్న నవ్వుతూనే అన్నాడు.

"నేను పోయేదాంక ఆగలేవా?"

ఆమె స్పంజి మెత్తను మళ్లీ సందుగ మీద పెట్టింది.

వానాకాలమంతా మడిచిన చీర మీద పడుకుంది. పొద్దున లేస్తే ఎడమ చెయ్యి తనది కానట్టు వేలాడేది. కుడి చేత్తో పట్టుకుని తొడ మీద పెట్టుకుని రుద్దేది. కలుపుకు పోతే గడ్డి పిడికిట్లో నిలిచేది కాదు. తన సాలు వరుసలో వెనకబడితే సమ్మక్క ఊరుకునే మనిషి కాదు. రూతక్కా, చేతి గాజులు బరువైనయా, ఇంట్ల తీసిపెట్టి రాకపోయినవా అందట. పత్తి ఏరుడు నాటికి చెయ్యి ఇలాగే ఉంటే ఆటో ఎక్కించుకోనని కూడా అందట. పెద్దమ్మ నాకు గాజుల మాట నవ్వుతూ చెప్పింది. రెండో మాట చెప్పేటప్పుడు నవ్వలేదు.

పత్తి పగలడం మొదలైన వారంలో వెంకన్న పోయాడు.

సురేష్ జనగామ నుంచి శవపెట్టె తెచ్చాడు. జబ్బుగా ఉన్నన్నాళ్లూ ఫోన్లే చేశాడు, మనిషి రాలేదు. ఆ రోజు మాత్రం అందరికంటే గట్టిగా ఏడ్చాడు. మా చర్చివాళ్లు పెట్టెలో తల కింద మెత్త పెడతారు. కొత్తది తేవడం ఎవరికీ గుర్తు లేదు. సురేష్ మంచం మీది మెత్తను రెండు చేతులతో తీసుకుని అన్న తల కింద పెట్టాడు. మా అన్నకు ఈ మెత్తంటే పానం, ఆయనతోనే పోనియ్యండి అన్నాడు. ఆ మాటకు వాకిలంతా ఏడ్చింది. కిటికీ అవతల మంచంలోంచి మా అమ్మ కూడా ఏడ్చింది.

నేను గోడ పక్కన నిలబడి పెద్దమ్మను చూస్తున్నాను. ఆమె కూడా అప్పటిదాకా ఏడ్చింది. మెత్త పెట్టాక ఆపేసింది. కొంగు చాటున ఎడమ చేతి వేళ్లు ముడుస్తోంది, తెరుస్తోంది. చివరి రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు. పాస్టరయ్య ప్రార్థన ముగించాడు. మూత తెచ్చారు.

"సురేషూ, గా మెత్త నాది. తియ్యి" అంది.

ఆమె గొంతు పెద్దదేం కాదు. అయినా అందరికీ వినిపించింది. దుఃఖంలో ఏదో అంటోందనుకుని సురేష్ ఆమె భుజం పట్టుకున్నాడు.

"నువ్వు జర కూసో వదినా. ఎవలన్న నీళ్లు తాగియ్యండి."

"నీళ్లెందుకు నాకు? పత్తి నేను ఏరిన. గింజ నేను తీసిన. అది లేకుంటే నా చెయ్యి లేస్తలేదు."

"ఇంత మందిల గిదేం మాట? మా అన్న తల కిందికెల్లి గుంజుతవా?"

"మీ అన్నకు ఇగ మెడ నొయ్యది. నాకు నొస్తది."

మనీషా వచ్చి తల్లి కొంగు పట్టుకుని లాగింది. పెద్దమ్మ కొంగు విడిపించుకుని లోపలికి పోయింది. సందుగ మీది స్పంజి మెత్త తెచ్చింది. పూల గలీబు ఇంకా కొత్తగానే ఉంది. నువ్వు తెచ్చిందే గదా, ఇది పెడదాం, మీ అన్న తోటి ఇది పోనియ్యి అంది సురేష్‌తో. సురేష్ ముఖం అటు తిప్పుకున్నాడు. పెద్దమ్మే పెట్టె పక్కన కూర్చుని కుడి మోచేత్తో భర్త తలను ఎత్తి పట్టి, ఎడమ చేత్తో ఆ మెత్త తీసి ఈ మెత్త పెట్టింది. అన్ని నెలలూ గలీబు మార్చేటప్పుడు ఎలా తీసేదో అలాగే తీసింది, ఆయన లేస్తాడేమో అన్నట్టు. నుదుటి మీది వెంట్రుకలు సర్దింది. ఆ తర్వాతే మూత వేయనిచ్చింది.

ఊరు చెప్పుకున్నది ఇందులో సగమే. మొగుని తల కింది మెత్త గుంజుకున్న ఆడది అన్నారు. ఆయన తల కింద ఇంకో మెత్త పెట్టిందని ఎవరూ అనలేదు. ఆమె చెయ్యి సంగతి అసలే అనలేదు. పెద్దవంగరలో అత్తగారింటికి తిరిగి పోయిన మనీషా, అక్కడ తలెత్తుకోలేకపోతున్నానని ఫోన్లో తిట్టింది. పెద్దమ్మ ఫోను చెవికి పెట్టుకుని అంతా విని, తిన్నవా బిడ్డా అని అడిగింది. పాస్టరయ్య ఆదివారం ప్రసంగంలో, చచ్చినవాళ్ల వస్తువులకు భయపడడం విశ్వాసుల పని కాదని పేరెత్తకుండా చెప్పాడు. ఆమెన్ అన్న ఆడవాళ్లే, లేచేటప్పుడు పెద్దమ్మ కూర్చున్న చాపకు తగలకుండా చుట్టు తిరిగి పోయారు.

మెత్తను ఉతకడానికి విప్పుదామని నా దగ్గరికి తెచ్చింది. కుట్టు విప్పాను. లోపలి పత్తి పలకలా అయిపోయింది. చెమటా మందులూ దిగి పచ్చగా, మధ్యలో తల పట్టేంత గుంత. మెడ కింద గట్టిగా ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆమె ఆ గుంతలో పిడికిలి పెట్టి చూసింది. దీని కోసమా బిడ్డా నేను గంత మాట పడ్డది అంది.

కొత్త పత్తి కావాలి. చేలన్నీ తెల్లగా పగిలి ఉన్నాయి, కానీ అది చేనుగలవాళ్లది. మిగులు కాయలు ఆఖరి ఏరుడుకు గానీ రావు. నేను పాత పత్తిని ఎండబెట్టి, కర్రతో కొట్టి, విడదీశాను. తక్కువైన దానికి నా దగ్గరున్న జాకెట్ గుడ్డల ముక్కలు సన్నగా కత్తిరించి కలిపాను. మళ్లీ ఆమె ఎడమ పక్కకు తిరిగి పడుకుంది, నేను మెడ కింద చెయ్యి దూర్చి చూశాను. ఇంకో పిడికెడు. ఇంకొంచెం. ముక్కూ గొంతుగుంటా గీతలోకి వచ్చాయి. కొంచెం గట్టిగానే ఉంది కానీ వంగలేదు. కుట్టేశాను.

పది పదిహేను రోజులు పట్టింది. ఒక పొద్దున కిటికీ దగ్గరికి వచ్చి పిడికిలి మూసింది. చిటికెన వేలితో సహా ముడుచుకుంది. తెరిచింది, మళ్లీ మూసింది. నడుముకు ఏరుడు సంచి అప్పటికే కట్టుకుని ఉంది. తలకు తువ్వాల చుట్టుకుని, సద్ది డబ్బా పట్టుకుని రోడ్డు మీదికి పోయింది.

సమ్మక్క ఆటో వచ్చింది. పెద్దమ్మ చెయ్యి ఎత్తింది, ఎడమ చెయ్యే. ఆటో ఆగింది. వెనక ఇద్దరు ఆడవాళ్లు అటు జరిగారు, చోటు ఇవ్వడానికి కాదు. సమ్మక్క దిగలేదు. గొంతు తగ్గించే అంది గానీ గడపలో నిలబడ్డ నాకు వినపడింది.

"నాకేం లేదు రూతక్కా. పీనుగ కింది మెత్త మీద పండుకునే చెయ్యి పత్తికి తాకితే చేనోళ్లు ఒప్పుకుంటలేరు."

"నా చెయ్యి బాగైంది సమ్మక్కా. చూడు."

పిడికిలి మూసి చూపించింది. సమ్మక్క చూసింది. నిజంగానే చూసింది. తర్వాత డ్రైవరు భుజం తట్టింది.

ఆటో పోయిన కాసేపటికి పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి సంచి విప్పి దండెం మీద వేసింది. సద్ది డబ్బా గూట్లో పెట్టింది. మంచం నీడలోకి లాక్కుని, మెత్త సరి చేసుకుని, మోకాళ్ల మధ్య చీర పెట్టుకుని ఎడమ పక్కకు తిరిగి పడుకుంది. మెడ సరిగ్గానే ఉంది. కళ్లు మాత్రం మూయలేదు.